రామగిరిలో ఒక వయొలిన్ తరగతి: వృత్తిగా తీసుకోదలచిన పిల్లలకు ఎంతవరకు పనికొస్తుంది?

నల్లగొండ రామగిరిలో ఒక ఇంటి మేడ మీద నడిచే వయొలిన్ తరగతి గురించి ఈ సమీక్ష. మెట్ల దగ్గర ‘వయొలిన్ నేర్పబడును’ అన్న రేకు బోర్డు తప్ప దానికి వేరే పేరు లేదు. నేర్పే ఆయన తన పేరు రాయవద్దని కోరారు కనుక, పిల్లలూ తల్లిదండ్రులూ పిలిచినట్టే ‘సార్’ అని రాస్తాను. మా పెద్దమ్మాయి కొన్నేళ్లుగా ఇక్కడ నేర్చుకుంటోంది. పదో తరగతి అయ్యాక సంగీతాన్నే చదువుగా తీసుకుంటానని ఈ మధ్య గట్టిగా అంటోంది. సెలవుల్లో కాలక్షేపానికి పిల్లలను చేర్పించేవారికి ఈ చోటు బాగానే ఉంటుంది, దాని గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. వాద్యాన్ని బతుకుతెరువుగా ఎంచుకోదలచిన పిల్లలకు జిల్లా కేంద్రంలోని ఇలాంటి తరగతి ఎంత దూరం తోడు రాగలదన్న ప్రశ్నకే ఇక్కడ సమాధానం చెప్పదలిచాను.

వసతుల సంగతి త్వరగా ముగిస్తాను. ఒకటే గది, నేల మీద జంపఖానా, రెండు ఫ్యాన్లు, గోడకు త్యాగరాజస్వామి పటం, దాని పక్కన వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత ఫొటో. మంగళ, గురువారాల సాయంత్రాలు, ఆదివారం పొద్దున తరగతులు ఉంటాయి. నెలకు 1,200 రూపాయలు తీసుకుంటారు. వర్ణాలు, అంటే కీర్తనలకు ముందు నేర్పే కష్టమైన రచనలు, దాటిన వారికి విడిగా చెప్పే పాఠానికి మరికొంత ఎక్కువ. దేవరకొండ, మిర్యాలగూడ, నకిరేకల్ నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలు కూడా ఉన్నారు. వారికోసం ఆదివారం పాఠాన్ని పదిన్నరకు మొదలుపెడతారు. కింద చెప్పులు విడిచే చోట నీడ లేదు. ఏప్రిల్, మే నెలల్లో లోపలి పాఠం ముగిసేదాకా బయట నిలబడి ఎదురుచూడడం పెద్దవాళ్లకు నిజంగా కష్టమే.

ఇక బోధన. వీణకు 24 మెట్లు ఉంటాయి, వేలు మెట్టు మీద పడితే స్వరం దాదాపు కుదురుతుంది. వయొలిన్‌కు మెట్లు లేవు. వేలు ఒక్క మిల్లీమీటరు అటో ఇటో జరిగినా స్వరం తప్పుతుంది, తప్పిందని చెప్పేది చెవి ఒక్కటే. అందుచేత చాలాచోట్ల మొదట్లో పిల్లల సౌకర్యం కోసం ఫింగర్ బోర్డు మీద తెల్ల స్టిక్కర్లు అంటిస్తారు. ఇక్కడ అంటించరు. మొదటి కొన్ని వారాలు ఎడమ చేతికి పనే లేదు. కమానును తీగ మీద ఒక చివర నుంచి మరో చివర దాకా, వేగం మారకుండా, ఒత్తిడి మారకుండా లాగడం ఒక్కటే నేర్పుతారు. పిల్లలకు ఇది విసుగు. తల్లిదండ్రులకు ఇంకా విసుగు, ఎందుకంటే ఇంటికొచ్చిన చుట్టాల ముందు వాయించి చూపించడానికి ఏమీ ఉండదు. ఒక తల్లి ఆ మాటే అంటే సార్ చెప్పిన జవాబు నాకు గుర్తుండిపోయింది: ‘‘అమ్మా, వేలు తప్పు పోతే ఏడాదిల సరి జేస్తా. చెయ్యి తప్పు వడితే పదేండ్లయినా పోదు.’’

ఆ తర్వాత మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, దాటు స్వరాలు, ఏడు తాళాల్లో అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు వరసగా వస్తాయి. ఈ వరస కర్ణాటక సంగీతం నేర్పే ప్రతిచోటా ఉండేదే. తేడా అంతా ఎలా పరీక్షిస్తారన్న దాంట్లో ఉంది. ఒక పద్ధతిని దగ్గరగా గమనించాను. పిల్ల మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, అలంకారం వాయిస్తుంటే, రెండో కాలం మధ్యలో సార్ చప్పుడు లేకుండా ఆధార స్వరం వినిపించే శ్రుతిపెట్టె ఆపేస్తారు. పిల్ల ఆగకూడదు, సార్ వైపు చూడకూడదు. మూడో కాలం ముగిసి పై షడ్జమం (పై స) మీద కమాను నిలిచిన క్షణంలో శ్రుతిపెట్టె మళ్లీ మోగుతుంది. వాయించిన షడ్జమమూ పెట్టెలోని షడ్జమమూ ఒకటైతే పాఠం ముందుకు సాగుతుంది. రెండింటి మధ్యా వణుకులాంటి కొట్లాట వినిపిస్తే, ఎవరూ ఏమీ అనక్కర్లేదు, పిల్ల తనంతట తానే మొదటి కాలానికి వెళ్తుంది. కొత్తగా చేరిన పిల్లల్లో ఎక్కువమందికి శుద్ధ రిషభం (స తర్వాతి రి) దగ్గర జారిపోతుంది. అక్కడ చూపుడు వేలు తీగ మొదటి గట్టుకు దాదాపు ఆనుకుని పడాలి, చేయి అందుకు ఒప్పుకోదు.

కూర్చునే తీరు మీద కూడా అంతే పట్టుదల. కర్ణాటక పద్ధతిలో బాసిపట్టు వేసుకుని, వాద్యం తలను కుడి కాలి మడమ దగ్గర ఆనించి వాయిస్తారు. వాద్యం బరువు కాలు మోస్తుంది కనుక ఎడమ చేయి తీగ వెంబడి స్వేచ్ఛగా పైకీ కిందికీ జారగలుగుతుంది. మన గమకాలకు, జారులకు ఆ స్వేచ్ఛ అవసరం. పాశ్చాత్య పద్ధతిలో నిలబడో, కుర్చీలో కూర్చునో గడ్డం కింద పట్టుకుంటారు. రెండింటినీ కలిపి నేర్పమని అడిగేవారిని సార్ సున్నితంగా వద్దంటారు. ఎదిగే వయసులో చేతికి ఒక అలవాటు బలపడక ముందే రెండోది తగిలిస్తే రెండూ సగం సగం వస్తాయని ఆయన వాదన. దీనితో నేను ఏకీభవిస్తాను, కానీ పూర్తిగా కాదు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఈ తరగతిని నేను మిగిలిన వాటికన్నా పైన నిలబెట్టడానికి అసలు కారణం ఆదివారం మధ్యాహ్నపు పక్కవాద్యం పాఠం. మన సంప్రదాయంలో వయొలిన్ వృత్తి అంటే చాలావరకు పక్కవాద్యమే, అంటే పాడేవారి పక్కన కూర్చుని తోడు వాయించడమే, అన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. వేదిక మధ్యలో కూర్చుని ఒంటరిగా వాయించే చిత్రమే మన మనసులో ఉంటుంది. పక్కవాద్య కళాకారిణిగా ఎంత ఎత్తుకు వెళ్లవచ్చో చూపడానికి విజయనగరం నుంచి వచ్చిన అవసరాల కన్యాకుమారి గారి జీవితం చాలు: గాయని ఎం.ఎల్.వసంతకుమారి గారికి ఏళ్ల తరబడి పక్కన వాయించి, తర్వాత తన సొంత కచేరీలతో పేరు తెచ్చుకుని, 2015లో పద్మశ్రీ, 2016లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆ గౌరవం పొందిన తొలి మహిళా వయొలిన్ విద్వాంసురాలు ఆమే.

ఆ పాఠంలో జరిగేది ఇది. సార్‌కు తెలిసిన గాత్ర విద్యార్థులు ఇద్దరు ముగ్గురు వస్తారు. వారు రాగం ఎత్తుకుంటారు. ఏ రాగమో వయొలిన్ పిల్లలకు ముందుగా చెప్పరు. పాడిన ప్రతి పలుకునూ అర అడుగు వెనకగా, గొంతును మించకుండా అందుకోవాలి. గాత్రం ఆగినచోట శ్రుతి తెగకుండా నిలపాలి, మళ్లీ మొదలుకాగానే తగ్గిపోవాలి. కళ్యాణి, శంకరాభరణాల తేడా ఒక్క మధ్యమం (మ) లోనే ఉంది కదా, అది రాకముందే ఏదో తేల్చేసుకుని వేలు పెట్టిన పిల్ల అక్కడ దొరికిపోతుంది. అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పనలో గాయని రెండావర్తనాలు (తాళం రెండు చుట్లు) వేస్తే తానూ రెండావర్తనాలే వేయాలి, అంతకన్నా మెరిపించాలని చూడకూడదు. ఒకసారి మా అమ్మాయి తన వంతులో ఉత్సాహంగా నాలుగావర్తనాలు లాగింది. సార్ కోప్పడలేదు, ‘‘బిడ్డా, పాట ఆమెది. నువ్వు సాయం వచ్చినవ్’’ అన్నారు, అంతే.

శ్రుతి మార్పు కూడా ఈ పాఠంలోనే నేర్పుతారు. పాశ్చాత్య వయొలిన్‌లో నాలుగు తీగల స్థాయిలూ ఎప్పుడూ ఒకటే. మన దగ్గర తీగలను స-ప-స-ప అని కట్టుకుంటాం, ఆ షడ్జమం పాడేవారి గొంతును బట్టి మారుతుంది. గాయకుడు ఒకటో శ్రుతిలో పాడితే ఒక బిగింపు, గాయని ఐదులోనో ఐదున్నరలోనో పాడితే మరో బిగింపు. తీగల మందం కూడా దానికి తగ్గట్టు ఎంచుకోవాలి, లేకపోతే ఒకటి వదులుగా మూలుగుతుంది, మరొకటి పట్టున తెగుతుంది. తీగలను బిగించే బిరడాలు తిప్పి ఐదు నిమిషాల్లో కొత్త శ్రుతికి వాద్యాన్ని సిద్ధం చేయడం ఇక్కడ పరీక్షలో భాగం. జీతమిచ్చి పిలిచే ఏ నాట్యబృందానికైనా, ఏ గాయకుడికైనా మొదట కావలసింది ఈ పనితనమే. ఆన్‌లైన్ యాప్‌లలో నేర్చుకుని వచ్చిన ఒకరిద్దరు కుర్రవాళ్లు కీర్తనలు చకచకా వాయిస్తారు గానీ, శ్రుతి మార్చమంటే ఫోన్ తీసి చూస్తున్నారు.

ఇప్పుడు వృత్తి సంగతి. వర్ణాలు దాటిన పిల్లల తల్లిదండ్రులను సార్ ఒక రోజు కూర్చోబెట్టి మాట్లాడతారు. ఫీజు పెంచడానికని నేను అనుమానపడ్డాను గానీ, ఆ గంటన్నరా ఆయన చెప్పింది డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడి నుంచి రాదు అన్న లెక్కే. సార్ స్వయంగా ఆకాశవాణిలో బి-హై శ్రేణి కళాకారుడు. ఆకాశవాణి ఆడిషన్‌లో బి, బి-హై, ఎ, టాప్ అని శ్రేణులు ఉంటాయి. శ్రేణి వచ్చినంత మాత్రాన నెలజీతం రాదు, పిలిచి రికార్డు చేసినప్పుడు మాత్రమే పారితోషికం. కానీ ఆ శ్రేణి కాగితం ఉంటే సభల వాళ్లు నమ్ముతారు, శిష్యులు వస్తారు. పూర్వం ఆకాశవాణిలో నిలయ విద్వాంసుల, అంటే నెలజీతం మీద పనిచేసే కళాకారుల, ఉద్యోగాలు ఉండేవి. విజయవాడ కేంద్రంలో దశాబ్దాలపాటు పనిచేసిన వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ దారి ఇప్పుడు చాలావరకు మూసుకుపోయిందని సార్ ఏమీ దాచకుండా చెప్పారు.

‘‘కచేరి ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇల్లు గడ్వది. కచేరి, పాఠం, రేడియో, డాన్స్ ప్రోగ్రాం, పెండ్లిల గంట సేపు వాయించుడు, అన్ని గల్పితేనే నెల’’ అన్నది ఆయన మాట. ఆ మాటకు రుజువుగా గోడ మీది ఫొటోను చూపించారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో పుట్టారు. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో, ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా మొదలైనప్పుడు, 26 ఏళ్ల వయసులో అక్కడ వయొలిన్ అధ్యాపకులయ్యారు. 1936లో తామే ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. అంతటి విద్వాంసుడికి కూడా కచేరీల వెనక స్థిరంగా నిలిచింది నేర్పే ఉద్యోగమే. ఈ పోలిక విన్నాక మాతో పాటు కూర్చున్న ఒక తండ్రి ముఖంలో కొంత నిరాశ కనిపించింది. కొడుకును టీవీ పోటీలకు పంపాలని ఆయన ఆలోచన.

చదువు దారి గురించి సార్ చెప్పినది స్పష్టంగా ఉంది. హైదరాబాదు రామకోటిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో, సికింద్రాబాదులోని భక్త రామదాసు కళాశాలలో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆ పైన రెండేళ్ల డిప్లొమా ఉన్నాయి. సాయంత్రపు తరగతులు కనుక మామూలు డిగ్రీతో పాటు చేయవచ్చు. తెలుగు విశ్వవిద్యాలయంలో, అంటే ఇప్పుడు మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టుకున్న దాంట్లో, సంగీతం డిగ్రీ స్థాయిలో చదవవచ్చు. అర్హత పత్రం లేకుండా కేంద్రీయ విద్యాలయాల్లో సంగీతం టీచరు పోస్టుకు దరఖాస్తు కూడా చేయలేరు. ఉపకార వేతనాలు రెండింటి గురించి ఇక్కడే విన్నాను: 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఆర్‌టీ వారిది ఒకటి, 18 నుంచి 25 ఏళ్ల వారికి కేంద్ర సాంస్కృతిక శాఖ రెండేళ్ల పాటు నెలకు 5,000 రూపాయలిచ్చేది మరొకటి. మా అమ్మాయి మొదటిదానికి వయసు దాటిపోయింది. చిన్న పిల్లలున్న వారు ఈ విషయం సార్‌ను మొదటి నెలలోనే అడగడం మంచిది.

పాశ్చాత్య సంగీతం వైపు చూసేవారు మా జిల్లాలో కూడా ఇప్పుడు ఉన్నారు. బ్రిటన్ సంస్థలైన ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం వారి గ్రేడు పరీక్షలు ఎనిమిది మెట్లుగా ఉంటాయి, హైదరాబాదులో రాయించే శిక్షకులు ఉన్నారు. ‘‘ఎనిమిదో గ్రేడు అయితే ఉద్యోగం వస్తదా సార్?’’ అన్నది ఆ సమావేశంలో వచ్చిన మొదటి ప్రశ్న. ఎనిమిదో గ్రేడు అంటే అక్కడి సంగీత కళాశాలల గుమ్మం దాకా చేరడమే తప్ప వృత్తిలోకి అడుగుపెట్టడం కాదని ఆయన చెప్పింది నిజం. మన దేశంలో పూర్తిస్థాయి వృత్తి ఆర్కెస్ట్రా అని చెప్పుకోదగ్గది 2006లో ముంబైలోని ఎన్‌సీపీఏ అనే ప్రదర్శన కళల కేంద్రంలో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఒక్కటే. దాని స్థాపనలో కజకిస్తాన్ వయొలిన్ విద్వాంసుడు మరాట్ బిసెంగలియెవ్ గారి చేయి ఉంది, తీగవాద్యాల వరసల్లో విదేశీ కళాకారులు మొదటి నుంచీ చాలామంది. విదేశాల్లో ఒక్క కుర్చీ ఖాళీ అయితే పెద్ద సంఖ్యలో అభ్యర్థులు వస్తారు. అమెరికా ఆర్కెస్ట్రాలు 1970ల నుంచి ఆడిషన్‌ను తెర వెనక పెట్టడం మొదలుపెట్టాయి; వాయించేది ఆడమనిషో మగమనిషో నడక చప్పుడుతో తెలియకూడదని నేల మీద తివాచీ కూడా పరుస్తారు. అక్కడ అడిగేది మొజార్ట్ రాసిన ఒక కన్‌చెర్టో (ఒక వాద్యం ప్రధానంగా, ఆర్కెస్ట్రా తోడుగా వాయించే రచన) భాగం, ఆ పైన ఆర్కెస్ట్రా రచనల్లోంచి కష్టమైన పది పదిహేను ముక్కలు. రాగం పెంచే తెలివికి అక్కడ చోటు లేదు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు, పక్కవారి కమానుతో ఒకే దిశలో లాగగలగాలి.

సాధన గంటల మీద నేను కూడా ఒక మాట కలుపుతాను. ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి బెర్లిన్ సంగీత అకాడమీ వయొలిన్ విద్యార్థుల మీద చేసి 1993లో ప్రచురించిన పరిశోధనలో, అందరికన్నా మేటి విద్యార్థులు 20 ఏళ్ల వయసుకు సగటున 10 వేల గంటలు ఒంటరిగా సాధన చేసి ఉన్నారని తేలింది. అది సగటు మాత్రమే, అంత చేస్తే చాలు విద్వాంసులవుతారని కాదు. అయినా లెక్క వేసి చూడండి: పుట్టిన రోజు నుంచి రోజుకు గంట చొప్పున వాయించినా 20 ఏళ్లకు 7,300 గంటలే అవుతాయి. ఐఐటీ ఫౌండేషన్ తరగతులు, ట్యూషన్లు, ఆ పైన మిగిలిన అరగంట వయొలిన్‌కు ఇచ్చి వృత్తి గురించి మాట్లాడటం తల్లిదండ్రులు తమను తాము మభ్యపెట్టుకోవడమే. అలాగని పిల్లను ఆరు గంటలు ఏకబిగిన కూర్చోబెడితే మెడ, భుజం, మణికట్టు పట్టేస్తాయి. తీగవాద్య కళాకారులకు వచ్చే వృత్తి జబ్బులు అవే. ఇక్కడ నలభై నిమిషాలకు ఒకసారి వాద్యం కింద పెట్టించి చేతులు విదిలించమంటారు. చిన్న విషయమే గానీ, మరెక్కడా నేను చూడలేదు.

లోపాలు లేకపోలేదు. పైన నేను పూర్తిగా ఏకీభవించలేదన్నది పాశ్చాత్య స్వరలిపి విషయంలో. రెండు కూర్చునే పద్ధతులను కలపవద్దనడం సరే. కానీ ఐదు గీతల లిపిని చదవడం నేర్పకపోవడం నష్టం. సినిమా రికార్డింగుల్లో తీగవాద్యాల వరసలు దశాబ్దాలుగా ఆ లిపిలోనే నడుస్తున్నాయి. ఇళయరాజా గారు స్వయంగా ఆ లిపిలో రాసి వాద్యకారుల ముందు పెడతారన్నది అందరికీ తెలిసిందే. కంప్యూటరు ధ్వనులు వచ్చాక ఆ పని తగ్గిన మాట వాస్తవం. మిగిలిన కొద్ది పనికైనా చూసి వాయించగలిగిన వారినే పిలుస్తారు. మా అమ్మాయికి ఈ ఒక్కదానికోసం వేరేచోట ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. సార్‌ను అడిగితే ‘‘నాకు రాంది నేనెట్ల నేర్పాలె?’’ అన్నారు, ఆ నిజాయితీని మెచ్చుకోవచ్చు, లోటు మాత్రం లోటే.

రెండో లోపం లయ. మృదంగం నెలకు ఒకసారి ఎవరైనా వస్తే ఉంటుంది, లేదంటే చేతితో తాళం, ఫోన్‌లో తాళం యాప్. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం, ముగింపులో వేసే మోహరా, కోర్వై అనే లయ అల్లికల వెంబడి లెక్క పట్టుకుని పల్లవిని సరిగ్గా ఎడుపులో (పాట ఎత్తుకునే చోట) అందుకోవడం యాప్‌తో రాదు. మూడోది తరగతి రద్దు. కార్తీక మాసంలో, ధనుర్మాసంలో సార్‌కు కచేరీలు ఎక్కువ, ముందురోజు రాత్రి సందేశం పెట్టి పాఠం మానేస్తారు. మిర్యాలగూడ బస్సు టికెట్టు ముందే తీసుకున్నవారికి అది ఇబ్బందే. బదులు పాఠం ఫోన్ వీడియోలో చెప్తానంటారు గానీ, వీడియోలో కమాను ఒత్తిడి తెలియదు, ధ్వని ఆలస్యంగా వస్తుంది కనుక కలిసి వాయించడం కుదరదు. వేదిక అవకాశాలు కూడా తక్కువ. పుష్య బహుళ పంచమినాటి త్యాగరాజ ఆరాధనకు పంచరత్న కీర్తనల గోష్ఠిలో కూర్చోబెడతారు, వినాయక చవితి పందిళ్లలో ఒకటి రెండు గంటలు. జిల్లాలో సభలు లేవు కనుక అది ఆయన తప్పు కాదు.

వాద్యం కొనే విషయంలో మాత్రం తప్పకుండా ఆయన మాట వినండి. మా అమ్మాయితో పాటు చేరిన ఒక అబ్బాయికి వాళ్ల మేనమామ హైదరాబాదులోని ఒక దుకాణంలో మెరిసే వయొలిన్ కొనిచ్చాడు. తీగలను మోసే బ్రిడ్జి అతి ఎత్తుగా ఉంది, తీగ నొక్కితే వేళ్లు కోసుకుపోయేవి, లోపల నిలబడే చిన్న కర్ర, సౌండ్ పోస్ట్, పడిపోయి డొక్కులో దొర్లుతోంది. దుకాణం వాళ్లు మార్చి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. సార్ ఆ బ్రిడ్జిని గరుకు కాగితంతో రుద్ది తగ్గించి, వంకీ కడ్డీతో పోస్ట్‌ను లోపల నిలబెట్టి, ఒక గంటలో దాన్ని వాయించేటట్టు చేశారు, పైసా తీసుకోలేదు. అయితే కమాను వెంట్రుకలు మార్పించాలన్నా, అతుకు విడిచినా హైదరాబాదు పంపక తప్పదు, అందుకు రెండు మూడు వారాలు వాద్యం లేకుండా ఉండాలి. మన ఎండలకు అతుకులు విడవడం మామూలే. జిగురు వేడికి మెత్తబడుతుంది, పొడిగాలికి చెక్క ముడుచుకుని బిరడాలు వదులై జారతాయి. వానాకాలంలో అవే బిరడాలు ఉబ్బి కదలవు. ఎండలో నిలిపిన బండి మీదనో కారులోనో వాద్యాన్ని వదిలిపెడితే ఒక్క మధ్యాహ్నం చాలు. కమానుకు రాసే రోజిన్ తీగల మీద రాల్చిన పొడిని ప్రతిరోజూ మెత్తని గుడ్డతో తుడవాలన్నది ఆయన మరో నియమం. తుడవని పిల్లకు ఆ రోజు కొత్త పాఠం ఉండదు.

మొత్తం మీద నా అభిప్రాయం ఇది. మొదటి పాఠం నుంచి వర్ణాలు, పాతిక ముప్ఫై కీర్తనల దాకా, పక్కవాద్యం మొదటి మెట్ల దాకా, ఇంత శ్రద్ధగా నేర్పేచోటు మా చుట్టుపక్కల జిల్లాల్లో నేను చూడలేదు. ఆ ఫీజుకు ఇది చాలా ఎక్కువ. వృత్తిలోకి వెళ్లదలచిన పిల్లలు ఇంటర్ వయసు వచ్చేసరికి హైదరాబాదులో ఒక గురువును, ఒక కళాశాలను చూసుకోవాలి. ఆ మాట చెప్పేది, ఫోన్ చేసి అక్కడి గురువుకు అప్పగించేది కూడా సారే. శిష్యులను పట్టుకుని వేలాడే గురువులు కొందరిని చూశాను కనుక దీనికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. పాశ్చాత్య ఆర్కెస్ట్రా మీదే దృష్టి ఉన్నవారు, ఆరు నెలల్లో సినిమా పాట వాయించాలన్న తొందర ఉన్నవారు ఇక్కడికి రావడం వల్ల ఇద్దరికీ కాలం వృథా.

కొత్త పిల్లలను విజయదశమికి, ఉగాదికి మాత్రమే చేర్చుకుంటారు. ఎనిమిదేళ్లు నిండి ఉండాలి. చేరేముందు ఒకసారి తల్లిదండ్రులిద్దరూ వచ్చి ఒక పాఠం పూర్తిగా కూర్చుని వినాలన్నది షరతు. అద్దెకిచ్చే చిన్న సైజు వయొలిన్లు, అంటే సగం సైజువి రెండు, ముప్పావు సైజుది ఒకటి ఉన్నాయి. నెలకు 200 రూపాయలు. బతుకమ్మ సెలవులకు ముందే అవి ఎవరో ఒకరు చెప్పుకుంటారు కనుక, కావలసినవారు భాద్రపదంలోనే మేడ ఎక్కి అడగడం మంచిది.